కాపలాకు ఏ కుక్క మేలు?

మేలుజాతి, సంకరజాతి, నాటుజాతి కుక్కల పెంపకంలో రైతులు గమనింపవలసిన విషయాలు

వ్యవసాయ అధికారి, బి.యస్‌సి. (వ్యవసాయం), ఏటూరునాగారం

"కుక్క తోక పట్టుకొని గోదావరి ఈదినట్లు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పినారు. చేతగాని ఆధారాన్ని నమ్ముకొన్నవాడు మునిగిపోవునని దాని భావం. గోదావరి ఒడ్డున ఉన్న ఏటూరునాగారంలో ఈ సామెత ఎరుగనివారు లేరు. కాని అదే ఒడ్డున మిరపతోట వేసిన రైతును, మొక్కజొన్న చేను వేసిన రైతును అడిగి చూడండి. రాత్రివేళ మంచెమీద తాను నమ్ముకొన్నది కుక్కనే అని చెప్పుతాడు.

ఏటూరునాగారం పూర్వం వరంగల్లు జిల్లాలో ఉండేది. 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. ఇక్కడి అడవిని 1952లో ఆనాటి హైదరాబాదు ప్రభుత్వం వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించినది. దాని విస్తీర్ణం 800 చదరపు కిలోమీటర్లకు పైబడి ఉన్నది. అడవి పక్కనే చేలు, చేల పక్కనే ఊళ్ళు. అడవిపంది ఒక్క రాత్రి చేనులో దూరినచో నాలుగు నెలల కష్టం తెల్లవారేసరికి నేలపాలగును. మేకల మందకు చిరుతపులి భయం కూడ కలదు. ఇటువంటి చోట కుక్క విలాసవస్తువు కాదు, నాగలి, గొడ్డలివలె వ్యవసాయానికి కావలసిన సాధనమే.

అయినను ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూచి, సుడులు చూచి, నాలుగు అడుగులు నడిపించి కొనే రైతు, కుక్క విషయంలో మాత్రం ఆ శ్రద్ధ చూపుట లేదు. దొరికిన పిల్లను తెచ్చుకొనుట, లేదా పట్నంలో ఎవరో చెప్పిన ధరకు పేరు చూచి కొనుట, ఈ రెండే మన అలవాట్లు. ఈ రెండింటివల్ల కలిగే నష్టాలేమిటో, కుక్కను ఎట్లు ఎన్నుకొనవలెనో, పిల్లలను పుట్టించే ముందు ఏమి ఆలోచింపవలెనో ఈ వ్యాసంలో వివరించుచున్నాను.

పేరు చూచి కొన్న కుక్క

మా మండలంలో ఒక మిరప రైతు పందుల బాధ పడలేక పట్నం పోయి, పదిహేను వేల రూపాయలకు జర్మన్ షెపర్డ్ పిల్లను కొని తెచ్చినాడు. అమ్మినవాడు దానితోపాటు రంగుల అచ్చు కాగితం ఒకటి ఇచ్చినాడట. అందులో పిల్ల తల్లి పేరు లేదు, తండ్రి పేరు లేదు, టీకా వేసిన తేదీ లేదు. పిల్ల వయస్సు అయిదు వారాలు మాత్రమే. ఇంటికి వచ్చిన నాలుగవ నాడు వాంతులు, రక్త విరేచనాలు పట్టుకొన్నవి. అది పార్వో అనే వైరస్ వ్యాధి అని పశువైద్యుడు చెప్పినాడు. తొమ్మిదవ నాడు పిల్ల చనిపోయినది.

ఆ రైతు చేనుకు ఆనుకొనియే ఒక వృద్ధ కోయ రైతు చేను ఉన్నది. ఆయన మంచె కింద ఎర్రని నాటు కుక్క ఒకటి పడుకొని ఉన్నది. నేను గట్టు ఎక్కకముందే లేచి నిలబడి మొరిగినది. ఆయన పలుకగానే ఊరుకొన్నది. "మంచి కుక్కే" అన్నాను. ఆయన నవ్వి ఇట్లన్నాడు:

"సారూ, దీనికి కాగితం లేదు. దీని తల్లి నా చేన్ల పుట్టింది. దాని తల్లి మా నాయిన చేన్ల పుట్టింది. పంది వచ్చిన రాత్రి ఇది మొరగకుండ ఎన్నడూ ఊకోలే. మేకపిల్లను ముట్టదు. మనిషిని కరవదు."

ఆలోచించి చూచినచో ఆయన చెప్పినదే అసలైన వంశపత్రం. తల్లి ఎవరు, తల్లి తల్లి ఎవరు, అవి ఏ పని చేసినవి, వాటి గుణం ఎటువంటిది అన్నది ఆయనకు తెలుసును. పదిహేను వేలు పోసిన రైతు చేతిలోని కాగితంలో ఇందులో ఒక్క సంగతి కూడ లేదు. కనుక కుక్కకు కాగితం ఉన్నదా లేదా అన్నది కాదు ప్రశ్న. దాని తల్లిదండ్రులను గురించి మనకు ఏమి తెలుసును అన్నదే ప్రశ్న.

మూడు రకాల కుక్కలు

మేలుజాతి కుక్క అనగా అనేక తరాలుగా ఒకే జాతిలో జతకట్టించి, ప్రతి తరానికీ తల్లిదండ్రుల పేర్లు పుస్తకంలో రాసి ఉంచినది. మన దేశంలో ఇట్టి నమోదు చేసే సంస్థలలో చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ముఖ్యమైనది. సంకరజాతి అనగా రెండు వేర్వేరు జాతులు కలియగా పుట్టినది. నాటు కుక్క సంకరం కాదు. మనుష్యుడు జత ఎన్నుకొనకపోయినను, ఈ ఎండకు, ఈ తిండికి, ఈ రోగాలకు తట్టుకొన్నవి మాత్రమే బ్రతికి, వేల సంవత్సరాలుగా తనంతట తాను నిలబడిన రకం అది.

చాలమంది నాటు కుక్కను, సంకర కుక్కను ఒకటిగా ఎంచుచున్నారు. ఇది పొరపాటు. మన ఊరి పాత వరి రకాన్ని, రెండు రకాలు కలిసిపోయిన కల్తీ విత్తనాన్ని ఒకటే అని ఏ రైతూ అనడు కదా.

విత్తనంతో పోల్చి చూచిన

నేను పశువైద్యుడను కాను. నాకు తెలిసినది విత్తనం. వారసత్వ సూత్రం మాత్రం మొక్కకైనా కుక్కకైనా ఒక్కటే.

శుద్ధమైన వరి రకం విత్తనం దాచి మరల వేసినచో అదే పంట వచ్చును. మేలుజాతి కుక్క అట్టిది. లాబ్రడార్ జత నుండి లాబ్రడార్ పిల్లలే పుట్టును. పిల్ల పెరిగిన తరువాత ఎంత ఎత్తు ఉండునో, ఎట్టి స్వభావం కలిగి ఉండునో చాలవరకు ముందే చెప్పవచ్చును. మేలుజాతిలోని ప్రధానమైన మేలు ఇదే.

హైబ్రిడ్ మొక్కజొన్న మొదటి తరంలో ఏపుగా పెరిగి అధిక దిగుబడి ఇచ్చును. ఆ కంకులనుండి గింజలు దాచి మరుసటి ఏడు వేసినచో ఒక మొక్క పొడుగు, ఒక మొక్క పొట్టి, ఒకటి ముందు, ఒకటి వెనుక. ఈ సంగతి మన రైతులకు అనుభవమే. సంకర కుక్క విషయం కూడ ఇంతే. మొదటి తరంలో కొంత బలం, రోగాన్ని తట్టుకొనే శక్తి కనబడవచ్చును. కాని సంకర కుక్కను మరల సంకర కుక్కతో కలిపినచో పుట్టే పిల్లలు ఏ పోలికతో వచ్చునో ఎవరూ చెప్పలేరు.

మూడవ సంగతి దగ్గర రక్తం. ఒకే ఈతలోని అన్నాచెల్లెళ్ళను, తండ్రిని కూతురును కలిపినచో, రెండువైపులా దాగి ఉన్న ఒకే లోపం పిల్లలో కలిసి బయటపడును. ఆబోతును మూడేండ్లకొకసారి మార్చుమని పాడి రైతులకు చెప్పుట ఇందుకే. కుక్కలకు కూడ ఇది వర్తించును.

మేలుజాతిలోని మేలు, కీడు

మేలుజాతులు మొదట పని కొరకే పుట్టినవి. జర్మన్ షెపర్డ్ జాతిని స్థాపించిన మాక్స్ ఫాన్ స్టెఫనిట్జ్ 1899లో ఒక గొర్రెల కాపరి కుక్కను కొని, దానినే ఆ జాతి పుస్తకంలో మొదటి కుక్కగా నమోదు చేసినాడు. పనిచేయు శక్తి, తెలివి ఆయనకు ముఖ్యం. అందం తరువాత.

తరువాతి కాలంలో పోటీలు, ప్రదర్శనలు పెరిగినవి. రూపం చూచి బహుమతులిచ్చుట, బహుమతి పొందిన మగకుక్కనే ఎల్లరూ వాడుట అలవాటైనది. దానితో రక్తం ఇరుకైనది. నేడు జర్మన్ షెపర్డ్, లాబ్రడార్ జాతులలో తుంటి కీలు సరిగా కుదరక కుంటివగుట ఎక్కువగా కనబడుచున్నది. ముక్కు చప్పిడిగా ఉండునట్లు ఎన్నుకొంటూ వచ్చిన పగ్, బుల్‌డాగ్ జాతులు ఊపిరికి అల్లాడుచున్నవి. మే నెలలో మన ఎండకు అటువంటి కుక్కను చేనువద్ద కట్టివేయుట దానిని చంపుటతో సమానం. కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పుటవల్లనే అది వేడిని తగ్గించుకొనును. ముక్కు, గొంతు ఇరుకైన కుక్క ఆ పని చేయలేదు.

అయినను మేలుజాతిలో లోపం కనబడినంత మాత్రాన జాతినంతా తోసివేయనక్కరలేదు. సరిదిద్దుకొనే ఉపాయం ఉన్నది. మన రైతులకు సాంబమసూరి బియ్యం తెలియనిది కాదు. తినుటకు శ్రేష్ఠం, కాని ఆకుఎండు తెగులుకు లొంగిపోవును. హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు తెగులును తట్టుకొనే గుణాన్ని వేరొక వరినుండి తీసుకొని, ఆ సంకరాన్ని మరల మరల సాంబమసూరితోనే కలుపుతూ వచ్చి, గింజ చెడకుండ తెగులును తట్టుకొనే మెరుగైన సాంబమసూరిని 2008లో విడుదల చేసినారు.

సరిగా ఇదే పని కుక్కలలో కూడ జరిగినది. మచ్చల డాల్మేషియన్ జాతిలో ప్రతి కుక్కకూ మూత్రంలో యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉండి, మూత్రంలో రాళ్ళు ఏర్పడే స్వభావం ఉండేది. జాతి అంతటా ఆ లోపమే ఉన్నందున, జాతిలోనే వెదకిన మందు దొరకదు. అమెరికాలో రాబర్ట్ షైబిల్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1973లో ఒకే ఒక్కసారి పాయింటర్ అనే జాతితో కలిపి, తరువాత ప్రతి తరాన్ని డాల్మేషియన్‌తోనే కలుపుతూ వచ్చినాడు. రూపం, మచ్చలు అవే నిలిచినవి, లోపం తొలగినది. కాని ఆ సంతతిని అమెరికన్ కెన్నెల్ క్లబ్ తన పుస్తకంలోనికి అంగీకరించుటకు 2011 వరకు పట్టినది. శుద్ధత అనే మాటపై మితిమీరిన మోజు మేలును కూడ ఎంత కాలం ఆపగలదో దీనివల్ల తెలియుచున్నది.

సంకరమైన మాత్రాన బలం రాదు

"సంకరజాతి అయితే రోగం రాదు" అని మరికొందరు చెప్పుచున్నారు. ఇందులో సగమే నిజం. తండ్రి జాతిలో ఉన్న లోపం తల్లి జాతిలో లేనప్పుడు పిల్లలలో అది అణగి ఉండును. రెండు జాతులలోనూ ఒకే లోపం ఉన్నచో సంకరం దానిని తీసివేయలేదు. కుంటితనం గల లాబ్రడార్‌ను కుంటితనం గల షెపర్డ్‌తో కలిపినచో పుట్టే పిల్లకు ఏమి మేలు జరుగును?

ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన అంధులకు దారి చూపే కుక్కలను పెంచే సంస్థలో పనిచేయుచుండెను. హవాయి ద్వీపాలలోని ఒక అంధురాలికి దారి చూపే కుక్క కావలసి వచ్చినది. ఆమె భర్తకు కుక్క వెంట్రుకలు సరిపడవు. కాన్రన్ 1989 ప్రాంతంలో లాబ్రడార్‌ను పూడిల్‌తో కలిపి మూడు పిల్లలను పుట్టించినాడు. మూడింటిలో ఆయనకు సరిపడినది ఒక్కటే. ఒకే తల్లిదండ్రుల పిల్లలు మూడైతే మూడు విధాలుగా ఉన్నవన్నమాట. అయినను ఆ సంకరానికి కొత్త పేరు పెట్టగానే గిరాకీ పెరిగి, ఏ పరీక్షా లేకుండ ఎవరికి తోచినట్లు వారు కలిపి అమ్మసాగినారు. తాను చేసిన పనికి విచారించుచున్నానని కాన్రన్ ముసలితనంలో చెప్పుకొన్నాడు. 2024లో ఇంగ్లండులోని రాయల్ వెటర్నరీ కాలేజీ ఇట్టి పూడిల్ సంకరాలను వాటి మూలజాతులతో పోల్చి చూడగా, చాల వ్యాధుల విషయంలో తేడా ఏమియు కనబడలేదు.

మన జాతులు మన కళ్ళముందే పోవుచున్నవి

మన దేశంలో పేరుగన్న కుక్క జాతులకు కొదువ లేదు. తమిళనాడులో రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటకలో ముధోల్ ఉన్నవి. ఈ మూడింటిని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతులుగా నమోదు చేసినది. 2005లో తపాలా శాఖ వారు రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయ గొర్రెకుక్కల బొమ్మలతో తపాలా బిళ్ళలు వెలువరించినారు. బాగల్కోటు జిల్లాలో ముధోల్ కుక్కకు ప్రత్యేకమైన పరిశోధన కేంద్రం కూడ ఉన్నది.

తెలుగువారికి కూడ ఒక జాతి ఉన్నది. దాని పేరు జోనంగి. కొల్లేటి సరస్సు చుట్టుపట్ల, కోస్తా జిల్లాలలో బాతుల పెంపకందార్లు దీనిని పెంచినారు. ఒళ్ళంతా అంటుకొన్నట్లుండే పొట్టి వెంట్రుకలు, నుదుట ముడతలు దీని గుర్తులు. ఇది తక్కిన కుక్కలవలె మొరగదు, రాగం తీసినట్లు కూయును. బాతుల మందను నీటి ఒడ్డున చెదరిపోకుండ కాచుట దీని పని. కొల్లేటిలో చేపల చెరువులు పెరిగి, బాతుల మందలు తగ్గినవి. కుక్కకు పని పోయినది. పని పోగానే జతను ఎన్నుకొనేవారు కూడ లేకపోయినారు. అది ఊరకుక్కలతో కలిసిపోయి, నేడు అసలైన జోనంగి కనబడుట అరుదైనది.

దీనిలో మనం నేర్చుకొనవలసినది ఉన్నది. ఒక జాతి నశించుటకు రోగమే రానక్కరలేదు. శ్రద్ధగా జతచేసేవారు లేకపోయిన చాలును. కోయ రైతు చెప్పిన ఎర్రకుక్కకు జాతి పేరు లేదు. కాని దాని వంశంలో మూడు తరాల కాపలా గుణం ఉన్నది. పట్నం నుండి తెచ్చిన ఏదో ఒక మగకుక్కను చేలో విడిచిపెట్టినచో ఆ గుణం ఒక్క ఈతతో చెదరవచ్చును.

నేను చేసిన పొరపాటు

ఇతరులకు చెప్పేముందు నా సంగతి చెప్పుట న్యాయం. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వద్ద ఒక లాబ్రడార్ ఆడకుక్క ఉండేది. అది ఎదకు వచ్చినప్పుడు కట్టివేయక అశ్రద్ధ చేసినాను. వీధి కుక్కతో కలిసి ఆరు పిల్లలను ఈనినది. చూచుటకు ముద్దుగా ఉన్నవి. అడిగినవారికల్లా ఒక్కొక్కటి ఇచ్చివేసి, చేతులు దులుపుకొన్నాను. ఎవరికి ఇచ్చినానో రాసి పెట్టలేదు. టీకా వేయించలేదు.

ఏడాది గడచినది. ఒక వారపు సంతలో ఒక బాలుని కుక్క కరచినదని విని వెళ్ళినాను. ముఖం చూడగానే గుర్తించినాను, అది మా ఇంట పుట్టిన పిల్ల. తీసుకొనిపోయినవారు నాలుగు నెలలు సాకి, తిండి ఎక్కువ తినుచున్నదని సంతలో వదలివేసినారట. "సార్, దీనికి టీకా వేసిండ్రా?" అని ఆ బాలుని తల్లి నన్ను అడిగినది. నా వద్ద సమాధానం లేదు.

బాలునికి ప్రభుత్వ ఆసుపత్రిలో సూదిమందు సకాలంలో పడినది, క్షేమంగా ఉన్నాడు. కాని ఆ తల్లి ప్రశ్న నన్ను వదలలేదు. ఆ కుక్క చెడ్డది కాదు. మేలుజాతి తల్లికి పుట్టినదే. దానికి గడప ఏర్పాటు చేయకుండ దానిని పుట్టనిచ్చిన నాదే తప్పు. పుట్టబోయే ప్రతి పిల్లకూ ముందే ఒక గడప ఉండవలెను. అది లేనప్పుడు జత కట్టించరాదు. మేలుజాతి, సంకరజాతి అన్న చర్చ అంతా దీని తరువాతిదే.

బాధ్యతగల పెంపకానికి సూత్రాలు

1. ముందు పని నిర్ణయించుకొనండి. చేను కాపలాకు పెద్ద గొంతు, చురుకైన చెవి, ఎండకు తట్టుకొనే పొట్టి వెంట్రుకలు కావలెను. దీనికి మంచి నాటు కుక్కను మించినది లేదు. మేలుజాతి కావలెనని కోరువారు మన వాతావరణానికి సరిపడు దేశీయ జాతులను ఎన్నుకొనుట మంచిది.

2. పిల్లను కాదు, తల్లిని చూడండి. పిల్లలన్నీ ముద్దుగానే ఉండును. తల్లి బెదరుచున్నదా, మీద పడుచున్నదా, కుంటుచున్నదా అన్నది పరిశీలించండి. తల్లిని చూపనివాని వద్ద కొనవద్దు.

3. ఎనిమిది వారాలు నిండని పిల్లను తేవద్దు. తల్లి పాలు, తోటిపిల్లల సహవాసం దానికి అవసరం. కొరుకుట ఎంతవరకో అది తోబుట్టువుల వద్దనే నేర్చుకొనును. ఎనిమిది వారాలలోపు పిల్లలను అమ్మరాదని 2017నాటి కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు కూడ చెప్పుచున్నవి. అమ్మకానికి పిల్లలను పుట్టించువారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను.

4. మొదటి ఎదలోనే జత కట్టించరాదు. ఆడకుక్క సాధారణంగా ఆరు నెలలకు, ఏడాదికి మధ్య మొదట ఎదకు వచ్చును. అప్పటికి దాని ఎదుగుదల పూర్తికాదు. 18 నెలలు నిండిన తరువాతనే, పూర్తి ఆరోగ్యంతో ఉన్నప్పుడే జత కట్టించవలెను. ఎనిమిది ఏండ్లు దాటిన తరువాత మానివేయవలెను. ఏడాదికి ఒక్క ఈతకు మించరాదు.

5. ఎద కాలంలో మూడు వారాలు కట్టుదిట్టంగా ఉంచవలెను. రక్తం కనబడుట ఆగినదని విడిచిపెట్టువారున్నారు. నిజానికి అది మగకుక్కను చేరనిచ్చు కాలం అప్పుడే మొదలగును. మరొక విశేషం గమనింపదగినది. ఒకే ఎదలో రెండు మగకుక్కలతో కలిసినచో ఒకే ఈతలో ఇద్దరు తండ్రుల పిల్లలు పుట్టవచ్చును. కావున ఎన్నుకొన్న జత అయిన తరువాత కూడ కాపలా తప్పదు.

6. "ఒకసారి నాటు కుక్కతో కలిసిన మేలుజాతి ఆడకుక్క ఎప్పటికీ చెడిపోవును" అనే నమ్మకం నిరాధారమైనది. ఒక ఈతలోని తండ్రి ప్రభావం తరువాతి ఈతపై ఉండదు. "ఆపరేషన్‌కు ముందు ఒక్క ఈతైనా ఈననియ్యవలెను" అనే మాట కూడ ఇటువంటిదే.

7. గర్భకాలం సుమారు 63 రోజులు. చివరి మూడు వారాలలో తిండి పెంచవలెను. గంజి, మజ్జిగ అన్నంతో సరిపెట్టరాదు. గుడ్లు, మాంసం లేదా చేప కొంతైనా ఇవ్వవలెను.

8. పిల్లలకు రెండవ వారం నుండి పశువైద్యుని సలహాపై నట్టల మందు, ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు ఆరంభించవలెను. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పినప్పుడు, పిదప ఏటేటా మరల వేయించవలెను.

9. ఒక పుస్తకం పెట్టండి. తల్లి, తండ్రి, పుట్టిన తేదీ, టీకాల తేదీలు, పిల్లను తీసుకొన్నవారి పేరు, ఊరు రాయండి. పాడిపశువుల విషయంలో మీరు చేయుచున్న పనే ఇది. తీసుకొన్నవారు సాకలేకపోయినచో పిల్లను మీకే తిరిగి ఇచ్చునట్లు మాట తీసుకొనండి.

10. పిల్లలు అవసరం లేని కుక్కలకు, ఆడదైనా మగదైనా, సంతాన నియంత్రణ శస్త్రచికిత్స చేయించండి. దీనివల్ల కాపలా గుణం తగ్గదు. చెవులు, తోక కోసినచో పౌరుషం పెరుగునని కొందరు నమ్ముచున్నారు. అది వట్టి హింస తప్ప ప్రయోజనం లేదు.

అడవి అంచున ఉన్నవారి ప్రత్యేక బాధ్యత

మన కుక్క మన గట్టు దాటి అడవిలోనికి పోయినచో సంగతి వేరు. దుప్పిని, కొండగొర్రెను తరుముటకు కుక్కను ఉసిగొల్పుట 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అంతకంటె పెద్ద ప్రమాదం కంటికి కనబడనిది. డిస్టెంపర్ వైరస్ కుక్కలనుండి అడవి మృగాలకు సోకగలదు. ఆఫ్రికాలోని సెరంగెటి మైదానంలో 1994లో ఈ వ్యాధివల్ల అక్కడి సింహాలలో సుమారు మూడవ వంతు నశించినవి. గుజరాత్‌లోని గిర్ అడవిలో 2018లో ఇరవైకి పైగా సింహాలు మరణించినప్పుడు, వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ కనబడినది. ఊరిలో ఒక పిల్లకు వేసిన టీకా అడవిని కూడ కాపాడునన్నమాట.

"మా కుక్క రేసుకుక్క సంకరం" అని గొప్పగా చెప్పుకొనువారు ఇక్కడ కొందరు ఉన్నారు. రేసుకుక్క మన కుక్కకు దూరపు బంధువు మాత్రమే. రెండింటికీ సంతానం కలుగదు. తోడేలుతో మాత్రం కుక్క కలియగలదు. పుణె ప్రాంతంలో అట్టి సంకరం ఉన్నట్లు 2023లో జన్యు పరీక్షవల్ల తేలినది. ఇది గర్వింపవలసిన విషయం కాదు. విడిచిపెట్టిన కుక్కలవల్ల తోడేళ్ళ జాతియే కల్తీ అగుచున్నదని శాస్త్రజ్ఞులు విచారించుచున్నారు.

కుక్క కరచినచో

పిచ్చికుక్క వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత మందు లేదు. మనిషి బ్రతుకుట దాదాపు అసాధ్యం. కాని లక్షణాలు రాకముందు టీకా తీసుకొనినచో వ్యాధి రాకుండ కాపాడవచ్చును. పాశ్చర్ 1885లో ఒక బాలునికి మొదటిసారి ఈ టీకా వేసి రక్షించినాడు. కరచిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడుగవలెను. పసరు, సున్నం, కారం పూయరాదు, కట్టు కట్టరాదు. అదే దినం ప్రభుత్వ ఆసుపత్రికి పోయి టీకా ఆరంభించవలెను. రక్తం వచ్చిన గాయానికి టీకాతోపాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడ అవసరం. వైద్యుడు చెప్పిన తేదీలలో ఒక్క మోతాదు కూడ తప్పరాదు. పెంపుడు కుక్కే కరచినది గదా, చిన్న పిల్లే గదా అని ఊరుకొనరాదు.

గ్రామాధికారులకు మనవి

కుక్కలు ఎక్కువైనవని విషం పెట్టుట చట్టవిరుద్ధం, నిష్ప్రయోజనం కూడ. తిండి దొరికే చోటు ఖాళీ అయినచో పక్క ఊరి కుక్కలు వచ్చి చేరును. వాటికి టీకా పడినదో లేదో ఎవరికీ తెలియదు. 2023నాటి జంతు సంతాన నియంత్రణ నియమాల ప్రకారం కుక్కలకు శస్త్రచికిత్స చేయించి, టీకా వేయించి, పట్టిన చోటనే విడుచు బాధ్యత స్థానిక సంస్థలది. పంచాయతీ కార్యదర్శులు, సర్పంచులు పశువైద్యశాల వారితో సంప్రదించి ఏటేటా ఒక దినం టీకాల శిబిరం పెట్టించవచ్చును. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినం. ఆ దినం అందుకు అనువైనది. ఊరిలోని పెంపుడు కుక్కల జాబితా ఒకటి పంచాయతీలో ఉండుట, మాంసం దుకాణాల వ్యర్థాలను వీధిలో పారవేయకుండ చూచుట, ఖర్చులేని పనులు.

ఇటీవల మరల ఆ గోదావరి ఒడ్డు చేలకు వెళ్ళినాను. పదిహేను వేలు పోగొట్టుకొన్న మిరప రైతు మంచె కింద ఒక ఎర్రని పిల్ల పడుకొని ఉన్నది. వృద్ధుని కుక్క ఈనిన నాలుగు పిల్లలలో అది ఒకటి. జత ఎన్నుకొని, నలుగురు రైతులు మాకు కావలెనని ముందే చెప్పిన తరువాతనే ఆయన ఆ ఈతను ఈననిచ్చినాడట. మిరప రైతు ధాన్యం గది గోడమీద బొగ్గుతో టీకా తేదీ రాసి పెట్టుకొన్నాడు. "దీనికి కాగితం లేదు సార్, గోడనే కాగితం" అన్నాడు.

రైతు సోదరులారా, కుక్కకు జాతి పేరు ఉండవచ్చును, లేకపోవచ్చును. దాని తల్లి గుణం మీకు తెలియవలెను, దాని టీకా తేదీ మీ ఇంట రాసి ఉండవలెను, అది పుట్టకముందే దానికొక గడప సిద్ధమై ఉండవలెను. ఈ మూడింటిని పాటించిన రైతుకు అతని కుక్క చేనుకు కావలి కాయును, ఊరికి భయం కాదు.